తెర మీది రోగి, మంచం మీది రోగి

ఆస్పత్రిలో చేరిన ప్రతి రోగీ ఇప్పుడు రెండు చోట్ల ఉంటున్నాడు. ఒకటి మంచం, రెండోది కంప్యూటర్ తెర. మంచం మీది మనిషికి దగ్గు, ఆయాసం, భయం ఉంటాయి. పక్కన కూతురో కొడుకో కూర్చుని ఉంటారు. తెర మీది మనిషికి ఐపీ నంబరు, వయసు, బీపీ, పల్స్, ఆక్సిజన్ శాతం, మందుల పట్టిక, బిల్లు ఉంటాయి. రౌండ్స్‌కు వచ్చే ముందు డాక్టరు చూసేదీ, డబ్బు చెల్లించే ముందు బీమా కంపెనీ అడిగేదీ, నెలాఖరున పైఅధికారి సమీక్షించేదీ తెర మీది మనిషినే. ఈ ఇద్దరూ ఒకరేనని హామీ పడగలిగేది రాత్రీ పగలూ మంచం దగ్గర మసిలే నర్సు. నర్సింగ్‌లో డిజిటల్ సాంకేతికత తెచ్చిన నైతిక ప్రశ్నలు చాలావరకు ఈ బాధ్యత చుట్టూనే తిరుగుతాయి.

డిజిటల్ ఆరోగ్య సాంకేతికత అనే మాట కింద చాలా పరికరాలు వస్తాయి. కాగితపు కేస్‌షీటు స్థానంలో వచ్చిన ఎలక్ట్రానిక్ రికార్డు, గుండె లయను చూపే మానిటరు, గంటకు ఇన్ని మిల్లీలీటర్లని లెక్కకట్టి మందు ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపు, మందు మీది బార్‌కోడ్ చదివే స్కానరు, పట్నం డాక్టరును పల్లె క్లినిక్‌లో చూపించే టెలిమెడిసిన్, పల్లెల్లో తిరిగి సేవలందించే నర్సు, అంటే ఏఎన్ఎం, చేతిలోని ట్యాబ్, రోగి పరిస్థితి విషమించబోతోందని ముందే హెచ్చరించే కృత్రిమ మేధ, అన్నీ అందులోవే. వీటిని తయారుచేసేది ఇంజినీర్లు, కొనేది యాజమాన్యాలు, రోజంతా వాడేది నర్సులు. ఏదైనా తేడా వస్తే ముందుగా సంజాయిషీ అడిగేదీ నర్సులనే.

పాత ప్రమాణం, కొత్త పరికరాలు

నర్సు వృత్తికీ లెక్కలకూ చుట్టరికం కంప్యూటరుతో కలిసింది కాదు. క్రిమియా యుద్ధకాలంలో, 1854లో స్కుటారి సైనిక ఆస్పత్రికి వెళ్లిన ఫ్లోరెన్స్ నైటింగేల్, సైనికుల్లో గాయాలతో పోయినవారికన్నా నివారించదగ్గ జబ్బులతో పోయినవారే ఎక్కువని తర్వాత గణాంక చిత్రాలు గీసి నిరూపించారు. ఆస్పత్రుల రికార్డులు ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికిరాకుండా ఉన్నాయని ఆమె ఆనాడే ఫిర్యాదు చేశారు. రాత అడ్డదిడ్డంగా ఉంటే ఎక్కడ ఎవరు ఎందుకు చనిపోతున్నారో తెలియదన్నది ఆమె బాధ.

1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్ నాయకత్వంలోని ఒక సంఘం నర్సుల కోసం ప్రమాణం రాసి, దానికి నైటింగేల్ పేరు పెట్టింది. మన నర్సింగ్ కాలేజీల్లో కొత్త విద్యార్థులు దీపాలు పట్టుకుని చేసే ప్రమాణానికి మూలం అదే. హాని చేసే మందును తెలిసి ఇవ్వకపోవడం, డ్యూటీలో తెలిసిన రోగి సొంత విషయాలనూ ఇంటి సంగతులనూ బయటపెట్టకపోవడం అందులోని ముఖ్య వాగ్దానాలు. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో ఆమోదించిన నైతిక నియమావళిని 2021లో తాజాగా సవరించింది. సాంకేతికత వాడకం రోగి భద్రతకు, గౌరవానికి, హక్కులకు భంగం కలిగించకుండా చూడటం నర్సు బాధ్యతేనని అది చెబుతోంది.

వైద్య నీతిని వివరించే పాఠ్యపుస్తకాలు సాధారణంగా నాలుగు సూత్రాలు చెబుతాయి. రోగి ఇష్టానికి విలువ ఇవ్వడం, మేలు చేయడం, కీడు చేయకపోవడం, అందరినీ న్యాయంగా చూడటం. అమెరికా పండితులు బీచమ్, చిల్డ్రెస్ 1979లో వెలువరించిన గ్రంథంతో ఇవి స్థిరపడ్డాయి. కంప్యూటరు వచ్చాక ఈ సూత్రాలు మారలేదు. అవి పరీక్షకు నిలిచే చోట్లు మారాయి. మునుపు రహస్యం అంటే నోరు అదుపులో పెట్టుకోవడం. ఇప్పుడు పాస్‌వర్డ్‌ను, ఫోన్ కెమెరాను, తెరిచి వదిలేసిన తెరను కూడా అదుపులో పెట్టుకోవాలి.

చేసిందే రాయాలి

రాయనిది చేయనట్టే అన్నది నర్సింగ్ చదువులో తొలినాళ్లలోనే వినిపించే మాట. ఇంజెక్షన్ ఇచ్చి రాయకపోతే తర్వాతి షిఫ్టులో వచ్చినవారు మళ్లీ ఇచ్చే ప్రమాదం ఉంది. ఈ మాటకు రెండో సగం కూడా ఉంది. చేయనిది రాయకూడదు. డిజిటల్ రికార్డు మొదటి సగాన్ని పట్టించుకున్నంతగా రెండో సగాన్ని పట్టించుకోదు. గడి ఖాళీగా ఉంటే ఎర్రరంగు చూపిస్తుంది గానీ, నింపిన అంకె నిజమో కాదో దానికి తెలియదు.

శ్వాస రేటునే తీసుకోవచ్చు. బీపీకి మిషన్ ఉంది, ఆక్సిజన్‌కు వేలికి తొడిగే క్లిప్పు ఉంది. మామూలు వార్డులో శ్వాసను మాత్రం రోగి ఛాతీ వైపు చూస్తూ, గడియారం పట్టుకుని, నిమిషం పాటు లెక్కపెట్టాల్సిందే. ముప్పై మంది రోగులున్న వార్డులో రాత్రి డ్యూటీకి ఇద్దరే స్టాఫ్ నర్సులుంటే ఈ పనికే అరగంట పోతుంది. తెల్లవారుజామున అందరి వైటల్స్ ఎక్కించాలి. పక్కన ఒకరికి సెలైన్ అయిపోతుంటుంది, మరొకరికి వాంతులు మొదలవుతాయి. అప్పుడు శ్వాస గడిలో 18, 20, 18, 20 అని వరుసగా పడిపోతాయి. ముప్పై మంది మనుషులు ఒకే లయలో ఊపిరి తీయడం జరిగే పని కాదు. పరిస్థితి విషమించే రోగిలో తొలిగా మారే గుర్తుల్లో శ్వాస రేటు ఒకటి. ఆ గడిలోని అబద్ధపు 18 మంచం మీది ఆయాసాన్ని తెర మీద కనిపించకుండా చేస్తుంది.

ముందటి షిఫ్టు నోట్సును కాపీ చేసి అతికించడం ఇలాంటిదే. నిన్నటి వాక్యం ఈ రోజు తేదీతో కనిపిస్తుంది. మూత్రపు గొట్టం తీసేసి రెండు రోజులైనా, తెరలో అది ఇంకా ఉన్నట్టే ఉంటుంది. కాగితం మీద కొట్టివేతలు, వేరే ఇంకు రంగు, చేతిరాత ఏదో ఒక జాడ చూపేవి. తెర మీద అన్ని అక్షరాలూ ఒకే తీరుగా, నమ్మకంగా కనిపిస్తాయి.

లాగిన్ విషయం కూడా రాతకు సంబంధించినదే. ఒక కంప్యూటరు, నలుగురు నర్సులు ఉన్న చోట ఉదయం ఎవరో ఒకరు లాగిన్ అయితే సాయంత్రం దాకా అందరూ అందులోనే ఎక్కించడం మామూలైపోయింది. పనికి ఇది సులువే. అయితే ఎలక్ట్రానిక్ రికార్డులో ప్రతి నమోదుకూ పేరు, సమయం ముద్రపడతాయి. తన లాగిన్ ఇచ్చిన నర్సు, తాను చేయని పనికి సంతకం పెట్టినట్టే.

బార్‌కోడ్, దాన్ని దాటే దారులు

మందు ఇచ్చే ముందు సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అనే ఐదింటిని సరిచూసుకోవాలని నర్సులకు నేర్పుతారు. ఈ పనికి యంత్ర సహాయం తెచ్చిన ఆలోచన ఒక నర్సుదే. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం టొపీకాలోని మాజీ సైనికుల ఆస్పత్రిలో పనిచేసే సూ కిన్నిక్, 1990ల మొదట్లో అద్దె కారు తిరిగి అప్పగిస్తున్నప్పుడు అక్కడి ఉద్యోగి బార్‌కోడ్ స్కాన్ చేసి క్షణాల్లో లెక్క తేల్చడం చూశారు. కారుకు చేయగలిగింది మందుకు ఎందుకు చేయలేమన్న ఆమె ప్రశ్న నుంచే రోగి చేతి పట్టీని, మందు పొట్లాన్ని స్కాన్ చేసి సరిపోల్చే పద్ధతి మాజీ సైనికుల ఆస్పత్రుల్లో మొదలైంది.

పద్ధతి ఫలితమిచ్చింది. బోస్టన్‌లోని ఒక పెద్ద ఆస్పత్రిలో జరిపిన అధ్యయనం 2010లో వెలువడింది. సమయం తేడాలను పక్కనపెడితే, మందు ఇవ్వడంలో పొరపాట్లు 11.5 శాతం నుంచి 6.8 శాతానికి తగ్గినట్టు అందులో తేలింది. అంతకు రెండేళ్ల ముందు, 2008లో వచ్చిన మరో అధ్యయనం ఇదే పద్ధతికి రెండో ముఖం చూపించింది. ఐదు ఆస్పత్రులను గమనించిన పరిశోధకులు, నర్సులు స్కానరును దాటేయడానికి వాడే 15 రకాల అడ్డదారులను, వాటి వెనుక 31 కారణాలను లెక్కగట్టారు. రోగి పట్టీలకు అదనపు కాపీలు తీసి మందుల బండికో, గుమ్మానికో అంటించి, మంచం దగ్గరికి వెళ్లకుండానే స్కాన్ చేయడం వాటిలో ఒకటి. తెర మీద అన్నీ పచ్చగానే ఉంటాయి. పట్టీ మాత్రం రోగి చేతికి లేదు.

ఈ అడ్డదారులన్నీ బద్ధకం వల్ల పుట్టినవి కావు. తడిసి చిరిగిన పట్టీ, బ్యాటరీ అయిపోయిన స్కానరు, నెట్‌వర్క్ అందని గది, అర్జెంటుగా ఇవ్వాల్సిన మందు లాంటివి వాటి వెనుక ఉన్నాయి. నైతికంగా నర్సు చేయాల్సిన పని రెండు భాగాలు. అడ్డదారి తొక్కకపోవడం ఒకటి. అడ్డదారి తొక్కాల్సిన అవసరం ఎందుకు వస్తోందో పైవాళ్లకు చెప్పడం రెండోది. మొదటిది మాత్రమే అడిగి రెండోదాన్ని వినని యాజమాన్యం, తన తప్పును నర్సు నెత్తిన పెడుతున్నట్టే.

ఒక కేసు నేర్పిన పాఠం

బాధ్యత ఎవరిదన్న ప్రశ్నను ప్రపంచవ్యాప్తంగా నర్సుల ముందుంచిన ఘటన 2017 డిసెంబరులో అమెరికాలోని నాష్‌విల్‌లో జరిగింది. స్కాన్ గదిలో భయపడుతున్న 75 ఏళ్ల రోగికి నెమ్మదించే మందు ఇమ్మని చెప్పారు. దాని బ్రాండు పేరు వెర్సెడ్. మందులను కంప్యూటరు అదుపులో ఉంచే బీరువా దగ్గర రడోండా వాట్ అనే నర్సు ఆ పేరులోని మొదటి రెండు ఇంగ్లీషు అక్షరాలు కొట్టారు. బీరువా బ్రాండు పేర్లతో కాక జెనెరిక్ పేర్లతో వెతికింది. మందు కనబడలేదు. ఆమె తనిఖీని దాటవేసే మీట నొక్కి మళ్లీ వెతికి, వచ్చిన మందు తీసుకున్నారు. అది వెక్యురోనియం, కండరాలను స్తంభింపజేసి ఊపిరిని ఆపే మందు. సీసా మూత మీద హెచ్చరిక ఉంది. ఆమె గమనించలేదు. రోగి చనిపోయారు.

పొరపాటు తెలిసిన వెంటనే ఆమె దాచకుండా ఒప్పుకున్నారు. 2022 మార్చిలో జ్యూరీ ఆమె నేర నిర్లక్ష్యంతో ప్రాణం తీసినట్టు నిర్ధారించింది. మేలో మూడేళ్ల ప్రొబేషన్ శిక్ష పడింది. హెచ్చరికలను చదవకపోవడం ఆమె తప్పేనని ప్రాసిక్యూషన్ వాదించింది. బీరువా తనిఖీని దాటవేయడం ఆ రోజుల్లో అక్కడ నిత్యకృత్యమని డిఫెన్స్ చెప్పింది. పొరపాటుకు జైలు భయం పెడితే ఇకముందు ఎవరూ ఒప్పుకోరని, ఒప్పుకోని చోట తప్పులు దిద్దుకోవని అమెరికా నర్సుల సంఘాలు ఆందోళన చెందాయి.

రెండు వాదనల్లోనూ నిజముంది. యంత్రం అడిగిన ప్రశ్నకు అలవాటుగా మీట నొక్కేస్తే, ఆ ప్రశ్న ఉన్నా లేనట్టే. రోజుకు పదిసార్లు మీట నొక్కక తప్పని యంత్రాన్ని పెట్టినవారు, పదకొండోసారి నర్సు ఆగి ఆలోచించాలని ఆశించడమూ అంతే అసంబద్ధం.

మోగుతూనే ఉండే గంటలు

ఐసీయూలో నిశ్శబ్దం ఉండదు. మానిటరు, వెంటిలేటరు, పంపు, ఫీడింగ్ మిషన్, ఒక్కోటి ఒక్కో స్వరంలో కూస్తుంటాయి. రోగి పక్కకు తిరిగితే ఈసీజీ తీగ కదిలి మోత. వేలికి క్లిప్పు జారితే మోత. వీటిలో 85 నుంచి 99 శాతం దాకా వైద్యపరంగా ఏ చర్యా అవసరం లేనివేనని అమెరికాలో ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2013లో పేర్కొంది. 2009 జనవరి నుంచి 2012 జూన్ వరకు ఆ సంస్థకు అలారాలకు సంబంధించిన 98 ఘటనలు నివేదికగా అందాయి. వాటిలో 80 మంది చనిపోయారు. పులి కథలోని పశువుల కాపరి అరుపులకు ఊరు అలవాటుపడినట్టే, చెవి కూడా అలవాటుపడుతుంది. దీన్నే అలారం అలసట అంటారు.

మోత భరించలేక శబ్దం తగ్గించడం, హద్దులను మరీ వెడల్పు చేయడం తప్పు. ఒక్కో రోగికి తగినట్టు హద్దులను డాక్టరుతో మాట్లాడి మార్చడం, ఈసీజీ అతుకులను వేళకు మార్చడం సరైన పని. చూడటానికి రెండూ మీటలు తిప్పడమే. ఒకటి నర్సు సుఖానికి, రెండోది రోగి మేలుకు.

పరికరం చూపే అంకెను ఎంతవరకు నమ్మాలన్నది దీని పక్కనే ఉన్న ప్రశ్న. కోవిడ్ కాలంలో తెలుగు ఇళ్లలోకీ చేరిన పల్స్ ఆక్సీమీటరు వేలిలోంచి కాంతిని పంపి ఆక్సిజన్‌ను లెక్కగడుతుంది. 2020 డిసెంబరులో అమెరికాలో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఆక్సీమీటరు 92 నుంచి 96 శాతం చూపించినప్పుడు, రక్తంలో నిజానికి ఆక్సిజన్ ప్రమాదకరంగా తగ్గి ఉన్నవారు తెల్లవారిలో 3.6 శాతమైతే, నల్లజాతివారిలో 11.7 శాతం. ముదురు చర్మపు రంగు కాంతి లెక్కను తప్పుదోవ పట్టించడమే కారణమని భావిస్తున్నారు. చామనఛాయ, నలుపు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో నర్సులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. గోళ్ల రంగు, చల్లబడ్డ వేళ్లు కూడా అంకెను మార్చగలవు. రోగి పెదవులు నీలంగా మారి, మాట మధ్యలో ఊపిరి అందక ఆగిపోతుంటే, తెర మీద 95 ఉందని ఊరుకోవడం సేవ అనిపించుకోదు.

కృత్రిమ మేధ చెప్పినా, చెప్పకపోయినా

రికార్డుల్లోని వేల అంకెలను చూసి ప్రమాదాన్ని పసిగట్టే ప్రోగ్రాములు పెద్ద ఆస్పత్రుల్లోకి వస్తున్నాయి. అమెరికాలో వందలాది ఆస్పత్రులు వాడిన ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి తెచ్చే సెప్సిస్ గురించి హెచ్చరించే ఒక ప్రోగ్రామును మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించారు. ఆస్పత్రిలో చేరినవారిలో 18 శాతం మంది విషయంలో అది హెచ్చరికలు మోగించింది. అయినా సెప్సిస్ వచ్చినవారిలో 67 శాతం మందిని పసిగట్టలేకపోయింది. హెచ్చరిక రాలేదు కాబట్టి రోగి బాగున్నట్టే అనుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

పక్షపాతం మరో చిక్కు. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం, అదనపు సంరక్షణ ఎవరికి అవసరమో తేల్చే ఒక ప్రోగ్రామును పరిశీలించింది. ఆ ప్రోగ్రాము జబ్బు తీవ్రతకు కొలమానంగా వైద్యానికి అయిన ఖర్చును తీసుకుంది. పేదరికం వల్ల, వివక్ష వల్ల తక్కువ వైద్యం పొందిన నల్లజాతివారు లెక్కలో తక్కువ జబ్బు ఉన్నవారిగా తేలారు. ఆ లోపం దిద్దితే అదనపు సాయం అందుకునే నల్లజాతివారి వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని తేలింది. అదే కొలమానం మన దగ్గర వాడితే, డబ్బు లేక ఆస్పత్రి గడప తొక్కని కూలీ ఆరోగ్యవంతుడిగా కనిపిస్తాడు.

కృత్రిమ మేధ వాడకంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో, భారత వైద్య పరిశోధన మండలి 2023లో నైతిక మార్గదర్శకాలు వెలువరించాయి. తుది నిర్ణయం మనిషి చేతిలో ఉండాలని, జవాబుదారీతనం యంత్రానికి బదిలీ కాకూడదని రెండూ చెబుతున్నాయి. ఎందుకో ఈయన నిన్నటిలా లేరు అని అనుభవజ్ఞురాలైన నర్సుకు అనిపించడం ఏ గడిలోనూ పట్టని సమాచారం. దాన్ని డాక్టరుకు చెప్పే వీలు, చెబితే వినే అలవాటు ఆస్పత్రిలో ఉండాలి.

రహస్యం ఎక్కడెక్కడ జారుతుంది

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పిచ్చింది. హెచ్ఐవీ స్థితిని, మానసిక చికిత్స వివరాలను బయటపెట్టడాన్ని 2017లో వచ్చిన రెండు వేర్వేరు చట్టాలు నియంత్రిస్తున్నాయి. గర్భస్రావం చేయించుకున్న మహిళ పేరు వెల్లడించడం 2021 సవరణ ప్రకారం శిక్షార్హం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమాచారాన్ని కాపాడటంలో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించే వీలు కల్పించింది. దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి.

చట్టాలు ఢిల్లీలో ఉంటాయి, జారుడు వార్డులో ఉంటుంది. అర్ధరాత్రి ఛాతీ నొప్పితో వచ్చిన రోగి ఈసీజీని ఫోన్‌లో ఫోటో తీసి, ఇంటి దగ్గరున్న డాక్టరుకు వాట్సాప్‌లో పంపడం మన ఆస్పత్రుల్లో రోజూ జరిగేదే. ఆ ఫోటో ప్రాణం కాపాడవచ్చు. అందుకే దాన్ని పూర్తిగా తప్పుపట్టలేం. కాకపోతే ఆ కాగితం మీద రోగి పేరుంది. ఫోటో నర్సు ఫోన్ గ్యాలరీలో మిగిలిపోతుంది. అక్కడి నుంచి తనంతట తానే ఆన్‌లైన్ ఖాతాలోకి వెళ్తుంది. ఇంట్లో పిల్లలు ఆడుకునేదీ ఆ ఫోన్‌తోనే. పేరు మడిచి ఐపీ నంబరు మాత్రం కనబడేలా తీయడం, గ్రూపులో కాకుండా ఒక్కరికే పంపడం, పని కాగానే చెరిపేయడం ఎవరైనా పాటించగల జాగ్రత్తలు. ఇంతకన్నా మేలైనది, ఈ పనికోసం ఆస్పత్రే ఒక భద్రమైన మార్గం ఏర్పాటు చేయడం.

డ్యూటీలో తీసిన రీల్సు వేరే కోవకు చెందుతాయి. వాటితో రోగికి ఒనగూరే మేలు లేదు. ముఖం కనబడకపోయినా వెనకాల మంచం నంబరు, బోర్డు, ఏడుస్తున్న బంధువు కనిపిస్తారు. ఊరివాళ్లకు ఆ మాత్రం చాలు.

తన డ్యూటీలో లేని రోగి రికార్డు తెరిచి చూడటం కూడా రహస్య భంగమే. పక్కింటి ఆవిడ ఎందుకు చేరిందో చూద్దామన్న కుతూహలం కాగితపు రోజుల్లో ఎవరికీ తెలిసేది కాదు. ఎలక్ట్రానిక్ రికార్డులో ఎవరు ఎప్పుడు తెరిచారో జాడ నిలుస్తుంది. బ్రిటన్, అమెరికా, గల్ఫ్ దేశాల ఆస్పత్రులకు వెళ్లే తెలుగు నర్సులు ఈ జాగ్రత్త ముందే అలవరచుకోవాలి. అవసరం లేకుండా రికార్డు తెరిస్తే ఉద్యోగం పోయే నియమాలు బ్రిటన్, అమెరికాల్లో ఉన్నాయి.

ఓటీపీ అంటే సమ్మతేనా

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభమైంది. ఇందులో ప్రతి ఒక్కరూ 14 అంకెల ఆభా నంబరు తీసుకోవచ్చు. వేర్వేరు ఆస్పత్రుల్లోని రికార్డులను రోగి సమ్మతితో ఒకచోట చూసే వీలు దానితో వస్తుంది. ఈ నంబరు తీసుకోవడం ఐచ్ఛికం. తీసుకోనంత మాత్రాన వైద్యం ఆపకూడదు.

కాగితం మీద ఇది బాగుంది. ఊరి క్లినిక్‌లో దృశ్యం వేరు. గర్భిణి వచ్చి కూర్చుంటుంది. పక్కనే అత్తగారు. ఏఎన్ఎం ట్యాబ్‌లో ఆధార్ నంబరు కొడుతుంది. “ఓటీపీ వచ్చింది, చెప్పమ్మా” అంటుంది. “ఆయన ఫోన్‌కి పోతుంది నర్సమ్మా, ఆయన పొలం కాడున్నాడు” అని జవాబు. ఫోన్ చేస్తారు, అంకెలు చెబుతాడు, పని అయిపోతుంది. ఎవరి రికార్డుకు ఎవరు ఒప్పుకున్నట్టు? ఆ మహిళకు గతంలో గర్భస్రావం జరిగి ఉంటే, ఆ సంగతి భర్తకో అత్తకో తెలియకపోతే, ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వారికి ఆ రికార్డు తలుపు తెరుచుకునే అవకాశముంది. ఓటీపీ నంబరును రుజువు చేస్తుంది. ఇష్టాన్ని రుజువు చేయదు. నర్సు రెండు నిమిషాలు ఆగి ఇది ఎందుకో, వద్దంటే ఏమవుతుందో చెప్పాలి. సున్నితమైన ప్రశ్నలు అడిగే ముందు అత్తగారిని బరువు చూసే మిషన్ దగ్గరికో, మందుల కిటికీ దగ్గరికో పంపే ఉపాయం పాత ఏఎన్ఎంలకు ఎప్పుడో తెలుసు. ట్యాబ్ వచ్చాక ఆ ఉపాయం అవసరం పెరిగింది.

2019 నవంబరులో మొదలైన ఈ-సంజీవని టెలిమెడిసిన్‌ను ఆంధ్రప్రదేశ్ పెద్ద ఎత్తున వాడుకుంది. గ్రామ క్లినిక్‌లలో బీఎస్సీ నర్సింగ్ చదివినవారే రోగిని డాక్టరు తెర ముందు కూర్చోబెడుతున్నారు. 2020 మార్చి నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, సంప్రదింపును రోగే మొదలుపెడితే సమ్మతి ఉన్నట్టే లెక్క. ఆరోగ్య కార్యకర్త మొదలుపెడితే మాత్రం రోగి నుంచి స్పష్టమైన సమ్మతి తీసుకుని నమోదు చేయాలి. డాక్టరు కడుపు నొక్కి చూడలేడు కాబట్టి అక్కడ నర్సు చేతులే డాక్టరు చేతులు. తెరకు అవతల ఉన్నవారికి చెప్పే ప్రతి మాటకూ ఆమే జవాబుదారు.

కొలిచేవారినీ కొలుస్తున్న తెర

ఏఎన్ఎంలు మోసే లావాటి రిజిస్టర్ల బరువు తగ్గించేందుకు అన్‌మోల్ అనే యాప్ 2016లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. నెట్ లేని చోటా పనిచేసి, సిగ్నల్ దొరికాక వివరాలు పంపడం దాని సుగుణం. గర్భిణుల పరీక్షల తేదీలు, పిల్లల టీకాలు మరిచిపోకుండా గుర్తుచేయడంలో ఇలాంటి యాప్‌లు నిజంగా మేలుచేశాయి. క్రమంగా ఒక్కో కార్యక్రమానికి ఒక్కో యాప్ వచ్చిపడింది. గర్భిణులకు ఒకటి, క్షయకు ఒకటి, బీపీ షుగర్ సర్వేకు ఒకటి, హాజరుకు ముఖం చూపించే యాప్ మరొకటి. చాలా చోట్ల ఊరి మీద నోటుపుస్తకంలో రాసుకుని, రాత్రి ఇంట్లో కూర్చుని ట్యాబ్‌లో ఎక్కించడం వారి దినచర్య. రిజిస్టరు పోలేదు, ట్యాబ్ అదనంగా వచ్చింది.

లక్ష్యాల ఒత్తిడి ఇక్కడే నీతికి ఎదురవుతుంది. శాతం తక్కువుంటే సమీక్షా సమావేశంలో నిలబెడతారన్న భయం ఉన్నచోట, ఇంట్లో లేని బాలింతను కూడా చూసినట్టు నమోదు చేయాలన్న ఆశ పుడుతుంది. ఆ అబద్ధం ఒక మండలం, ఒక జిల్లా దాటి విధాన నిర్ణయాల దాకా పోతుంది. రక్తహీనత లేదని తెర చెప్పిన ఊరికి ఐరన్ మాత్రలు తక్కువ వస్తాయి. నిజం ఎక్కించిన నర్సును శిక్షించే వ్యవస్థ అబద్ధాన్ని పెంచి పోషిస్తుంది. సిబ్బంది ఎక్కడున్నారో క్షణక్షణం చూసే లొకేషన్ గురించీ ఇదే ప్రశ్న. నర్సుకు కూడా గోప్యత ఉంది. డ్యూటీకి అవసరమైనంత మేరకే ఆమె సమాచారం సేకరించడం న్యాయం.

భారత నర్సింగ్ మండలి 2021-22 నుంచి అమల్లోకి తెచ్చిన బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళికలో ఆరోగ్య సమాచార సాంకేతికతను ఒక సబ్జెక్టుగా చేర్చింది. కొత్తగా వచ్చేవారికి ఇది మేలు. ఇప్పటికే ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న సిస్టర్లకు డ్యూటీ వేళల్లోనే శిక్షణ ఇవ్వాలి. కొత్త సాఫ్ట్‌వేర్ కొనేముందు, దాన్ని రోజుకు ఎనిమిది గంటలు వాడబోయేవారిని కూర్చోబెట్టి అడగాలి. అడ్డదారుల్లో సగం అక్కడే ఆగిపోతాయి.

తెర ఆగిన రోజు

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగింది. రెండు వారాల దాకా ఓపీ నమోదు, అడ్మిషన్లు, డిశ్చార్జీలు, ల్యాబ్ నివేదికలు చేతిరాతతోనే సాగాయి. దాడి ఏ ఆస్పత్రికైనా రావచ్చు. కరెంటు పోవడం, నెట్ ఆగిపోవడం చిన్న ఊళ్లలో తరచూ జరిగేదే. అందుకని కాగితపు చార్టులు చేతికందే చోట ఉంచడం, చేతితో నాడి పట్టి లెక్కపెట్టడం, సెలైన్ చుక్కలను గడియారంతో కొలవడం, మందు మోతాదును నోటితో లెక్కగట్టడం మరిచిపోకుండా సాధన చేయించడం సంస్థ నైతిక బాధ్యతల్లో ఒకటి. తెర తిరిగి వెలిగాక, ఆగిన గంటల్లో కాగితం మీద రాసిందంతా అసలు సమయాలతో సహా ఎక్కించడం నర్సు బాధ్యత.

అలాంటి రోజున తెర మీది రోగి మాయమవుతాడు. మంచం మీది రోగి మాత్రం అలాగే ఉంటాడు, ఊపిరి తీస్తూ, మందు వేళ కోసం చూస్తూ. నిమిషం పాటు అతని ఛాతీ వైపు చూసి శ్వాస లెక్కపెట్టడానికి కరెంటు అక్కర్లేదు.